కొన పారేసి కొమ్మలు నాటాను

చెట్టు కొన నరికి పెంటకుప్ప మీద పడేశాను. పక్క కొమ్మల్ని మాత్రం భద్రంగా కుండీల్లో నాటి చుట్టాలకి పంచిపెట్టాను. నేను చేసిన తెలివితక్కువ పని ఇదీ అని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఎందుకలా చేశానో చెప్పకపోతే ఇంకొకరూ ఇదే చేస్తారు. గోదావరి నేల మీద మొక్కల మధ్య పెరిగిన ఎవరికైనా ముందుగా తోచేది ఇదే.

ఆ చెట్టు పేరు అరకేరియా. నర్సరీల వాళ్లు అలాగే అంటారు, ఊళ్లో మాత్రం అది క్రిస్మస్ చెట్టు. రాజమండ్రి నుంచి రావులపాలెం వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద వేమగిరి దాటాక కడియపులంక, పొట్టిలంక దాకా రెండు పక్కలా మొక్కలే కదా. అక్కడొక నర్సరీలో గులాబీలూ మామిడి అంట్లూ దాటుకుంటూ లోపలికి వెళ్తే, నీడపట్టున ఇవి వరసగా నిలబడి కనిపించాయి. కాండం మీద ఒకే ఎత్తులో నాలుగు నుంచి ఏడు కొమ్మలు పుట్టి గొడుగు ఊచల్లా చుట్టూ చాచుకుంటాయి. కొంత ఖాళీ వదిలి మళ్లీ ఒక వరస, దాని పైన ఇంకో వరస. అన్నిటికన్నా పైన చిన్న మొగ్గ. దాని చుట్టూ లేత ఆకులు లోపలికి వంగి కప్పి ఉంటాయి. సూదుల్లా కనిపిస్తాయి గానీ వేలు పెడితే మెత్తగానే ఉంటాయి. ఆ కొనని ఎంతసేపు చూశానో!

"నీళ్లు నిలవనివ్వకండి బాబూ. చివర మాత్రం ముట్టుకోకండి" అన్నాడు మొక్క తీసి ఇచ్చిన కుర్రాడు. మొదటి మాట బుర్రకెక్కింది. రెండోది విన్నానంతే.

మాది నల్లటి ఒండ్రు నేల. వానాకాలం పెరట్లో కాస్త తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. అందుకని ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి మెరక కట్టించి దాని మీద నాటాను. మొక్క బాగా నాటుకుంది. కానీ వర్షాల్లో కూడా చెంబుతో నీళ్లు పొయ్యడం మానలేకపోయాను. మొక్క వాడితే నీళ్లు పొయ్యడం తప్ప ఇంకో వైద్యం తెలియని ఇంట్లో పుట్టాను నేను. అడుగు వరస కొమ్మలు గోధుమరంగుకి తిరిగి ఎండిపోయాయి. చూసి నీళ్లు తగ్గించాను, చెట్టు బతికింది. కానీ ఆ వరస మళ్లీ రాలేదు. ఆ చోట కాండం ఇప్పటికీ బోడిగానే ఉంది. పోయిన కొమ్మని ఈ చెట్టు తిరిగి వెయ్యదని అప్పుడే గ్రహించి ఉండాల్సింది.

కొన్నేళ్లకి చెట్టు డాబా ఎత్తు దాటింది. స్తంభం నుంచి ఇంటికొచ్చే కరెంటు సర్వీసు వైరు సరిగ్గా దాని నెత్తి మీదుగా పోతుంది. గాలి వీచినప్పుడల్లా కొన వైరుకి తగులుతుందేమోనని భయం పట్టుకుంది. భయం నిజమైనదే. దానికి నేను ఎంచుకున్న మందే తప్పు. గాలివానకి విరిగిన మునగని మొదలంటా నరికితే నాలుగు రెమ్మలు వేస్తుంది. మందారాన్ని కత్తిరిస్తే గుబురవుతుంది. గన్నేరు, నందివర్ధనం ఏ కొమ్మ పాతినా చెట్టే. ఇక అంతర్వేది వైపు ఇసుక నేలల్లో కనిపించే సరుగుడు దీని చుట్టమనే చాలాకాలం అనుకున్నాను. కానే కాదు. సరుగుడు పూలు పూసే జాతి, దాని ఆకుల్లా కనిపించేవి నిజానికి సన్నటి రెమ్మలు. అరకేరియా పూలు పూయదు. దాని విత్తనాలు పొలుసుల శంకువుల్లో పుడతాయి. పోలికని చుట్టరికం అనుకుని, నాకు తెలిసిన చెట్ల తీరే దీనికీ అంటగట్టాను.

కత్తి పెట్టి పైనుంచి రెండు వరసల కింద నరికేశాను. తెగినచోట తెల్లటి జిగురు బొట్లుబొట్లుగా ఊరింది. చేతికంటింది సబ్బుకి కూడా పోలేదు. పై కొన మరీ లేతగా ఉంది, నాటితే బతకదులే అనుకుని పారేశాను. దాని కింది వరస కొమ్మలు గట్టిగా, అందంగా ఉన్నాయని ఇసుక కుండీల్లో గుచ్చి నీడలో పెట్టాను. వాటిలో కొన్ని వేళ్లు పట్టాయి. ఒకటి తణుకులో పిన్నికి, ఒకటి మండపేటలో చెల్లెలికి, మిగతావి ఇరుగుపొరుగుకి ఇచ్చాను. ఇస్తున్నప్పుడు ఎంత గొప్పగా అనిపించిందో ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది.

తర్వాత పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, నువ్విచ్చిన చెట్టు పైకి లేవట్లేదురా. పక్కకి పాకుతోంది." కర్ర పాతి కట్టమన్నాను. కట్టింది. కర్ర దాటి పెరిగిన ముక్క మళ్లీ అడ్డంగా తిరిగింది. చెల్లెలి దగ్గరా అదే తంతు. ఎండ చాలట్లేదన్నాను, కుండీ తిప్పమన్నాను, ఎరువు వెయ్యమన్నాను. ఒక్కటీ తెలిసి చెప్పింది కాదు.

పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. అరకేరియా కొమ్మ కొమ్మగానే ఉండిపోతుంది. విడదీసి నాటినా, సొంత వేళ్లు వచ్చినా, ఏళ్లు గడిచినా, తాను కాండం నుంచి పక్కకి పెరగాల్సిన కొమ్మనన్న సంగతి అది వదలదు. హెర్మన్ ఫోష్టింగ్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు 1904లోనే ఈ చెట్టు మీద ప్రయోగాలు చేసి రాశాడు. కొన నాటితే నిటారు చెట్టు వస్తుంది. కొమ్మ నాటితే అడ్డంగా సాగుతుంది. కొమ్మ మీది పిల్లకొమ్మ నాటితే అది పక్క రెమ్మలు కూడా వెయ్యకుండా ఒంటి తీగగా పోతుంది. అంటే నా చేతిలో ఉన్నవాటిలో చెట్టు కాగలిగినది ఒక్కటే. అదే పెంటకుప్ప మీద ఎండిపోయింది.

ఈ జాతి చెట్లకి ప్రపంచంలో పేరు వచ్చిందే వాటి నిటారుతనం వల్ల. 1774లో కెప్టెన్ కుక్ దక్షిణ పసిఫిక్‌లో నార్ఫోక్ దీవి చేరినప్పుడు అక్కడి నిలువెత్తు చెట్లని చూసి ఓడల తెరచాప కొయ్యలకి పనికొస్తాయనుకున్నాడు. తీరా ఆ కలప అందుకు తగినంత గట్టిది కాదని తర్వాత తేలింది. అయినా ఆ దీవి జెండా మీద ఈనాటికీ ఆ చెట్టే ఉంది. అంత పొడవునా ఒకే కాండం చక్కగా పైకి సాగడానికి మూలం పైనున్న ఆ చిన్న మొగ్గే. నేను కత్తి పెట్టింది సరిగ్గా దానికే.

ఇంతకీ వైరు సంగతి. లైన్‌మన్ వచ్చి పిట్టగోడకి ఇనుప పైపు బిగించి వైరుని ఎత్తి పక్కకి జరిపాడు. ఒక పూట పని. చెట్టు నరకక ముందు ఎవరినైనా అడగాలని నాకు తోచలేదు.

మొండెం మాత్రం చావలేదు. నరికినచోటికి కొద్దిగా కింద, కొమ్మల్లోంచి కాక కాండం లోంచే, రెండు చిగుళ్లు నిటారుగా లేచాయి. ఈ చెట్టు కాండంలో అలా దాగి ఉన్న మొగ్గలుంటాయట. రెండూ ఉంచితే జంట తలలై ఎప్పుడో గాలికి చీలిపోతుంది. చాలాకాలం కత్తి ముట్టుకోబుద్ధి కాలేదు. చివరికి బలమైనదాన్ని ఉంచి రెండోది తీసేశాను. తీసిన ఆ నిటారు చిగురుని మట్టుకు పారెయ్యలేదు, నాటాను. ఇంకా వేళ్లు పట్టలేదు.

పిన్ని ఇంటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. పారేద్దామా అని అడిగింది. వద్దన్నాను. దానికి జబ్బేమీ లేదు, పచ్చగా ఉంది, దాని తీరున అది పెరుగుతోంది. కర్ర తీసేసి, కట్లు విప్పి, ఎండ తగిలే పిట్టగోడ అంచుకి కుండీ జరిపాం, పక్కకి సాగడానికి చోటుండేలా. చెల్లెలికీ ఇరుగుపొరుగుకీ కడియపులంక నుంచి విత్తనం మొక్కలు తెచ్చి ఇస్తున్నాను.