ఒక వైద్యుల చీటీకి టీకా తాత్పర్యాలు

మూలం: ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్., ఈ 2 – డే 2.

అవతారిక: స్త్రీవైద్య నిపుణులు రక్తపరీక్షకై రాసే చీటీలలో కనిపించే ఈ వాక్యానికి క్రియాపదం లేదు గనుక 'చేయించవలెను' అని అధ్యాహారం చేసుకోవాలి.

ప్రతిపదార్థం: ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. = మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి రక్తం ద్వారా అండాశయానికి పంపే రెండు హార్మోన్లు; ఈ 2 = ఎస్ట్రడయోల్ అనే ఎస్ట్రోజెన్, అణువులో రెండు హైడ్రాక్సిల్ సమూహాలుండడం చేత ఆ అంకె గలది; డే 2 = బహిష్టు మొదలైన రెండవ దినాన.

వ్యాఖ్య: 'ఈ 2' అన్నదాన్ని 'పైన చెప్పిన ఈ రెండూ' అని అన్వయించే ప్రమాదముంది. వ్యాకరణరీత్యా అది తప్పే గాని, మూడవది పుట్టేది మొదటి రెండింటి ప్రేరణ వల్లనే గనుక శాస్త్రరీత్యా మాత్రం ఒప్పే.

ఇక్కడ పూర్వపక్షం: ఒకే దేహంలోని కణాలన్నింటికీ జన్యువులు ఒకటే అయినప్పుడు, అండాశయంలో పక్కపక్కనే ఉన్న కణాలు వేర్వేరు హార్మోన్లు ఎందుకు చేయాలి? సమాధానం: జన్యువు ఉండడం వేరు, మేల్కొనడం వేరు. అండాన్ని చుట్టిన పుటికకు వెలుపలి పొర థీకా కణాలది (థీకా అనగా గ్రీకులో తొడుగు, ఈ టీకాతో దానికి బాదరాయణ సంబంధమే). ఎల్.హెచ్. వచ్చి వాటి గ్రాహకాన్ని తాకగానే లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరిగి, ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైమును లేపుతుంది. దాని ప్రభావంతో సీవైపీ17ఏ1 వంటి జన్యువుల పఠనం ఊపందుకొని, కొలెస్టరాల్ అంచెలంచెలుగా ఆండ్రోస్టీన్‌డయోన్ అనే పురుష హార్మోనుగా మారుతుంది. అక్కడితో థీకా పని సరి. లోపలి గ్రాన్యులోసా కణాలకు దానిని చేసుకునే శక్తి లేదు గాని, అందుకొని ఎస్ట్రోజెన్‌గా మార్చే ఆరోమటేజ్ ఎంజైము ఉంది. ఒకరింట పిండి రుబ్బితే పొరుగింట ఇడ్లీ వేసినట్టు.

ఆ ఎంజైముకు మూలమైన సీవైపీ19ఏ1 జన్యువు 15వ క్రోమోజోముపై ఉంది. చదవడం ఎక్కడ మొదలుకావాలో నిర్ణయించే డీఎన్ఏ భాగాన్ని ప్రమోటరు అంటారు. ఈ జన్యువుకు అవి అనేకం. మావి ఎంతో దూరాన ఉన్నదానిని వాడుకుంటే, అండాశయం గుమ్మంలోనే ఉన్న 'రెండవ ప్రమోటరు'ను వాడుతుంది. రెండు అనే అంకె ఇక్కడా వదలలేదు. ఎఫ్.ఎస్.హెచ్. తాకిడికి ఇక్కడా సైక్లిక్ ఏఎంపీయే పెరిగి, ఫాస్ఫేటు తగిలిన క్రెబ్, దానికి తోడు ఎస్ఎఫ్-1, ఎల్ఆర్‌హెచ్-1 వంటి ప్రోటీన్లు ఆ ప్రమోటరుపై కూర్చుని పఠనం ప్రారంభింపజేస్తాయి.

తాత్పర్యం: రెండవ దినాన పుటికలు చిన్నవి, ఆరోమటేజ్ కొద్దే, కాబట్టి ఎస్ట్రడయోల్ తక్కువగా ఉండాలి. అది పీయూష గ్రంథిని అణచిపెట్టే గుణం గలది గనుక, ఆనాడే ఎక్కువగా ఉంటే ఎఫ్.ఎస్.హెచ్. అసలు కన్నా తక్కువగా కనిపించి వైద్యులను మోసగిస్తుంది. మూడింటినీ ఒకే చీటీలో, ఒకే దినాన అడగడంలోని ఔచిత్యం ఇదే.

పాఠాంతరం: కొన్ని చీటీలలో 'డే 3' అని కనిపిస్తుంది. అర్థభేదం లేదు.