వేలు చెప్పిన అబద్ధం

మా శివకాశిలో ఏడాదంతా టపాకాయలు చుడతారు, అవి దీపావళికి పేలతాయి. మా ఇంట్లో మాత్రం మూడు నెలలకోసారి పేలుతుంది. దాని పేరు హెచ్‌బీఏ వన్‌సీ. ల్యాబు కాగితం మా ఆవిడ చేతిలో పడగానే నేను మంచినీళ్ల వంకతో వంటింట్లోకి జారుకుంటాను.

షుగరు వచ్చిన కొత్తలో పరగడుపు పరీక్ష ఒక్కటే ఉందనుకునేవాణ్ని. ముందు రెండ్రోజులు కాకరకాయ తిని, వీధిలో నాలుగు చుట్లు ఎక్కువ తిరిగి, మూడో రోజు మంచి మార్కులు తెచ్చుకునేవాణ్ని. ఈ మూడు నెలల పరీక్ష ముందు ఆ పప్పులు ఉడకలేదు. ఎర్రకణం మూడు నాలుగు నెలలు బతుకుతుందట, అన్నాళ్లూ ఒంటికి అంటిన చక్కెరను వదలదట. క్యాలెండర్లు అచ్చేసే ప్రెస్సులో జీవితం గడిపినవాణ్ని. ఏ తేదీనైనా చించి పారేశాను గానీ, ఈ తేదీలు చిరగవు.

నా తప్పేముంది చెప్పండి? ఒక పక్క కోవిల్‌పట్టి కడలై మిఠాయి, అదే బెల్లం పాకంలో పల్లీలు వేసిన పట్టీ. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు, ప్రభుత్వమే మెచ్చుకుంటే నేనెంతవాణ్ని? ఇంకో పక్క శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా. మధ్యలో సాత్తూరు కారసేవు, విరుదునగర్ నూనె పరోటా. ఇన్నిటి మధ్య నేనొక్కణ్ని.

తాటిబెల్లం కాఫీ ఏం చెయ్యదని మా ప్రెస్సు మిత్రుడన్నాడు. నమ్మాలనిపించింది కాబట్టి నమ్మాను. నెలరోజులు పూటకో గ్లాసు తాగాక మా ఆవిడ చెప్పింది: "తాటిచెట్టు మీంచి దిగినా చక్కెర చక్కెరేనండీ."

ఆవిడ వంటను మాత్రం ఒక్క మాట అననివ్వను. ఈ నల్లరేగడి నేలలో మా తాతలు వరన్నాన్ని పండక్కే చూశారు. మిగతా రోజుల్లో సజ్జలు, ఊదలు. ఇప్పుడు అవే మా ఇంటికి తిరిగొచ్చాయి. ముందు గిన్నెడు సొరకాయ కూటు ఖాళీ చెయ్యాలి, అప్పుడే అన్నం ముట్టాలి, అదీ షరతు. పొడిపొడిగా ఉడికిన ఊదల అన్నం మీద చిన్నుల్లిపాయల పులుసు పోస్తే, మెత్తబడిన ఉల్లిపాయ పంటి కింద చిట్లి, లోపలి పులుపంతా నోట్లోకి దూకుతుంది. మూడోసారి గరిటె అందుకుంటూ "చిరుధాన్యమే కదా" అన్నాను.

"ధాన్యం చిరుదే. మీ వడ్డన కాదు" అంది. గరిటె పెట్టేశాను.

ఇక మొన్న ఆదివారం సంగతి. భోజనమై రెండు గంటలైంది. సాయంత్రానికి పనికొస్తుందని కడలై మిఠాయి ముక్కను గుట్టుగా రెండుగా విరిచి, చుట్టిన క్యాలెండర్ల గొట్టంలో దాచాను. తినలేదు, ఒట్టు. అంతలో మా అమ్మాయి షుగరు చూసే మిషన్ పట్టుకొచ్చి, "నాయనా, వేలు పెట్టు" అంది.

387.

నా కాళ్లలో సత్తువ పోయింది. ఇక దాచి లాభం లేదనుకుని అన్నీ కక్కేశాను. గొట్టంలో మిఠాయి, స్కూటర్ డిక్కీలో కారసేవు, పోయిన బుధవారం బస్టాండు దగ్గర రెండు పరోటాలు. ఎవరూ అడక్కుండానే 'సాల్నా కూడా పోయించుకున్నా' అని చేర్చాను.

మా ఆవిడ చప్పుడు చెయ్యకుండా అంతా విని, "సబ్బుతో చెయ్యి కడుక్కుని రండి" అంది. తుడుచుకుని మళ్లీ పొడిపించుకున్నాను.

164.

"వేలికి బెల్లం అంటుకుంటే మిషన్ దాన్నీ లెక్కేస్తుంది నాయనా. రెండు గంటలకు 180 లోపే ఉందిగా, నీకు పర్లేదు" అంది అమ్మాయి, నవ్వాపుకుంటూ. పాపం చేసింది వేలు, ఒప్పుకున్నది నోరు.

అప్పటికే గొట్టం విప్పేశారు. డిక్కీ తాళంచెవి ఆవిడ కొంగుకెక్కింది. మిఠాయిలో సగం ముక్క నా చేతిలో పెట్టి, "రేపట్నుంచి రెండు ముద్దలు అన్నం తగ్గించి, ఈపాటి ముక్క నా ఎదురుగా తినండి" అంది.

పాలకోవా సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ మాత్రం గెలుపు నాకూ ఉండాలి కదా. రాత్రి అందరూ పడుకున్నాక ఫ్రిజ్ తెరిచి, కాకరకాయల సంచీ కింద చెయ్యి పెట్టాను. పొట్లం లేదు. దాని చోట ఒక గిన్నె ఉంది. సాత్తూరు దోసకాయ ముక్కలు, ఉప్పూ కారం చల్లి.