డీజిల్ ట్రక్కు కొనబోయేవారికి అమూల్య సలహాలు

టెక్సాస్‌లో ఇల్లు కొన్నారు. 8,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ మీద మనసు పడింది. దాన్ని లాగడానికి డీజిల్ ట్రక్కు కావాలి. కొత్తదా, పాతదా? కింది సలహాలు పాటించండి, ఏది కొన్నా ఫలితం ఒకటే.

1. ముందు ట్రక్కు కొనేయండి, బరువుల లెక్కలు తర్వాత. డ్రైవరు తలుపు తీస్తే, మనుషులూ సామానూ కలిపి ఎంతకు మించకూడదో చెప్పే స్టిక్కరు కనిపిస్తుంది. అటు చూడకండి. మీ ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం, అంటే 800 నుంచి 1,200 పౌండ్లు హిచ్ మీద పడుతుంది. అదీ, అత్తమామలూ, కూలరూ అన్నీ ఆ కోటాలోవే. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజను కంటే బరువు కాబట్టి ఆ కోటా ముందే కొంత తరిగి ఉంటుంది. ఇంజను పెద్దదైతే చాలనుకోండి.

2. కొత్తది కొంటే ట్రైలర్ ఏడాదికోసారి తగిలించండి. మిగతా రోజుల్లో రెండు మైళ్ల దూరంలోని ఇండియన్ స్టోరుకే తిప్పండి. పొగగొట్టంలోని ఫిల్టరులో చేరిన మసి కాలిపోవాలంటే బండి బాగా వేడెక్కాలి. ఆ అవకాశం ఇవ్వకండి. డాష్‌బోర్డు మీద దీపం వెలిగితే అలంకారమనుకోండి.

3. పాతది చూడ్డానికి వెళ్లేముందు అమ్మేవాడికి ఫోన్ చేసి, ఇంజను వేడిచేసి ఉంచమనండి. చల్లటి ఇంజను స్టార్టయ్యేటప్పుడే లోగుట్టు బయటపడుతుంది. పాపం, ఆయన పరువు కాపాడండి. ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత విప్పి, రంధ్రం మీద బోర్లించి చూడకండి. లోపల రింగులు అరిగితే పొగ గుప్పుమని తన్నుకొస్తుంది, మూత ఎగిరి పడుతుంది. పొరపాటున చూసినా, "అబ్బ, ఎంత పవరో!" అని మెచ్చుకోండి.

4. మైళ్లు మాత్రమే చూడండి, ఇంజను నడిచిన గంటలు చూడొద్దు. పనిస్థలంలో రోజంతా ఆన్‌లో నిలబడ్డ ట్రక్కుకు మైళ్లు పెరగవు, అరుగుదల పెరుగుతుంది.

5. 2003-2007 నాటి ఫోర్డ్ 6.0 లీటర్ల పవర్ స్ట్రోక్ చవగ్గా దొరికితే, ఎందుకు చవకో అడగకండి. హెడ్ గాస్కెట్, ఈజీఆర్ కూలర్ అంటే ఏమిటో బిల్లులే నేర్పిస్తాయి.

ఇంత చెప్పినా స్టిక్కరు చదివి, చల్లటి ఇంజను విని, సర్వీసు కాగితాలు తిరగేసే కొంటానంటారా? మీ ఇష్టం. కానీ అందరూ మీలాగే తయారైతే మెకానిక్కులు ఏం తిని బతకాలో కాస్త ఆలోచించండి.