పాత వెర్నానా, కొత్త టర్బోనా? ఏడు మెట్లలో ఎటూ తేలకుండా తేల్చుకోవడం

సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ‘పికప్ ఉన్న బండి’ కావాలని ఎవరైనా అన్నారంటే వాళ్ల మనసులో ఉన్నది పోర్షే కాదు. పద్నాలుగు లక్షల బండికి ఈఎంఐ కట్టగలిగినవాడికి, నాలుగు లక్షలు చేతిలో పెట్టుకుని తిరిగేవాడికి కూడా ఒకేలా కలలోకి వచ్చే బండి హ్యుందాయ్ వెర్నా.

2011లో వచ్చిన ఫ్లూయిడిక్ వెర్నా 1.6 డీజిల్‌కి 128 పీఎస్ బలం, 260 న్యూటన్ మీటర్ల టార్క్. ఆ ఏడాది ఆ తరగతి డీజిల్ సెడాన్లలో దాన్ని మించిన బలం మరోదానికి లేదు. 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఆ ఇంజిన్ పోయి 1.5 లీటర్ల డీజిల్ వచ్చింది, బలం 115కి దిగింది. 2023 మార్చిలో కొత్త వెర్నా వచ్చేసరికి డీజిలే లేదు. దాని గద్దె మీద ఇప్పుడు 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ కూర్చుంది. బలం 160 పీఎస్.

ఇక మీ ముందున్న ప్రశ్న ఒక్కటే. పాత డీజిలా, కొత్త పెట్రోలా? కింది ఏడు మెట్లు తు.చ. తప్పకుండా పాటిస్తే నెల తిరిగేలోపు ఏదో ఒక బండి మీ ఇంటి ముందు ఉంటుంది. అది సరైనదా కాదా అన్నది ఈ మార్గదర్శి పరిధిలోకి రాదు.

మొదటి మెట్టు: ముందు బండి ఖాయం చేసుకోండి, తర్వాత అంకెలు వెతకండి

అంకెలు చూసి మనసు మార్చుకునేవాడు కారు కొనలేడు. కాబట్టి మనసు పడ్డ బండి ఏదో ముందే అనుకుని, దానికి పనికొచ్చే అంకెల్నే ఏరుకోవాలి.

కొత్తది కావాలా? అయితే బలం గురించి మాట్లాడండి. 160లోంచి 128 తీసేస్తే 32. ఎవరూ కాదనలేరు. పాతది కావాలా? అయితే టార్క్ ఎత్తండి. పాతదానికి 260, కొత్తదానికి 253. పన్నెండేళ్లు కష్టపడి కంపెనీ సాధించింది ఏడు తగ్గించడమేనా అని అడిగితే షోరూమ్ కుర్రాడు టీ తాగడం ఆపేస్తాడు.

ఒక్క జాగ్రత్త. ఆ టార్క్ ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందో మాత్రం పొరపాటున కూడా చెప్పకండి. పాతదాంట్లో అది 1,900 నుంచి 2,750 దాకా ఉండే ఇరుకు సందు. కొత్తదాంట్లో 1,500 నుంచి 3,500 దాకా పరుచుకున్న మైదానం. ఈ సంగతి బయటికొస్తే ఏడు న్యూటన్ మీటర్ల గొప్ప అక్కడికక్కడే తేలిపోతుంది, వాదన చప్పబడిపోతుంది.

రెండో మెట్టు: మధ్యవర్తి మాట నమ్మండి

పాత బండి కొనేటప్పుడు బండికంటే ముందు చూడాల్సింది మధ్యవర్తిని. పెళ్లిళ్ల పేరయ్య అమ్మాయి గుణగణాలు చెప్పినట్టు అతను బండి గుణగణాలు చెబుతాడు.

“అన్నా, ఒక్క చేతి బండి. డాక్టర్ సారుది. ఆదివారం మట్టపల్లి గుడికి తప్ప బయటికి తియ్యలే.”

“మీటర్ల నలభై ఎనిమిది వేలే ఉందేందన్నా?”

“సారు తిరిగేదే తకువ. నువ్వు కళ్లు మూస్కొని తీస్కో.”

కళ్లు మూసుకోమన్నాడంటే మూసుకోవాలి. తెరిచారంటే కష్టం. సూర్యాపేట నుంచి మట్టపల్లి నరసింహస్వామి దగ్గరికి రానూపోనూ వంద కిలోమీటర్లు దాటుతుంది. పద్నాలుగేళ్లలో ఆదివారాలు ఏడు వందలకు పైనే. అంటే డాక్టర్ గారి భక్తి ఒక్కటే మీటరును డెబ్బై వేలు దాటించాలి. కళ్లు ఇంకాస్త తెరిస్తే క్లచ్ పెడల్ రబ్బరు కనపడుతుంది. దాని మీది గీతలు అరిగి నున్నగా అయ్యుంటాయి. డ్రైవర్ సీటు కుడి అంచు నలిగి, లోపలి స్పాంజి బయటికి తొంగి చూస్తుంటుంది. స్టీరింగ్ మీద, గడియారంలో పది, రెండు అంకెలుండే చోట తోలు మెరుస్తుంటుంది. మీటర్ని వెనక్కి తిప్పినవాడు పెడల్ రబ్బరు మార్చడం మరిచిపోతాడు. మీరు గొప్ప మనసుతో ఆ సంగతి అతనికి గుర్తు చేయకండి.

మూడో మెట్టు: నంబరు ప్లేటుని ప్రేమించండి, ఆర్సీని చదవకండి

2011 బండికి ఏపీ-24 నంబరు ఉంటే దాని రుచే వేరు. అప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్లగొండ జిల్లాలోవే. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా విడిపోయాక సూర్యాపేట, కోదాడ బండ్లకు టీఎస్-29 వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండతోనే ఉండి టీఎస్-05లోనే కొనసాగింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది. కాబట్టి మీ పాత వెర్నా ప్లేటు చూస్తే చాలు, రెండు రాష్ట్రాల చరిత్ర చెప్పొచ్చు.

చరిత్ర చెబుతూ మరిచిపోవాల్సింది ఒకటుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లు. 2011లో కొన్న బండికి అది 2026లో తీరుతుంది. ఆ తర్వాత బండిని రవాణా శాఖ ఆఫీసుకి తీసుకెళ్లి చూపించి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం ఆ రెన్యూవల్ ఫీజును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచింది. పాత బండికి వేసే గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం. అమ్మేవాడు ఇంత తొందరపడి, ఇంత తక్కువకి ఎందుకిస్తున్నాడో అన్న సందేహం మీకు వస్తే, ఆర్సీలో చివరి తేదీ చూడండి. వద్దులెండి, చూడకండి.

అంతకంటే చవకగా కావాలంటే ఢిల్లీ నంబరు బండి చూడండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద కోర్టుల ఆంక్షలు వచ్చాక చాలా బండ్లు దక్షిణానికి దారి పట్టాయి. ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ మళ్లీ పన్ను కట్టి నంబరు మార్పించుకునేసరికి, మీరు ఆదా చేసిన డబ్బు ఎటు పోయిందో మీకే అర్థం కాదు. ఆ వెతుకులాట కూడా ఒక కాలక్షేపమే.

నాలుగో మెట్టు: లెక్క సగం వరకే చేయండి

పాతది గెలవాలంటే ఈ లెక్క వేయండి. 2025లో మన దగ్గర పెట్రోలు లీటరు 107 రూపాయల పైన, డీజిల్ 96కి అటూ ఇటూ ఉండేది. కంపెనీ బ్రోచర్లోని మైలేజీని పక్కన పెట్టి, మన కాలి కింద పాత డీజిల్ 16, కొత్త పెట్రోల్ 12 ఇస్తాయనుకుందాం. కిలోమీటరుకు మొదటిది ఆరు రూపాయలు తింటుంది, రెండోది తొమ్మిది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి 36 వేలు తేడా. దానికి తోడు కొత్తదాని కోసం పన్నెండు లక్షలు తొమ్మిది శాతానికి అప్పు తెస్తే మొదటి ఏడాది వడ్డీయే లక్షకు చేరుతుంది. పాతదే గెలిచింది. ఇక్కడితో పుస్తకం మూసేయండి. టర్బో, ఇంజెక్టర్లు, క్లచ్ ప్లేట్లు, షాకబ్జర్లు అన్న నాలుగు మాటలు ఆ పుస్తకంలో రాయకండి. ఆ నాలుగూ ఒకే ఏడాది వంతు వేసుకుని వస్తే పాతదాని విజయం ఏమవుతుందో మీ మెకానిక్కి తెలుసు. అతను చెప్పడు, మిమ్మల్ని బాధపెట్టడం అతనికి ఇష్టం ఉండదు.

కొత్తది గెలవాలంటే అసలు లెక్కే వేయొద్దు. కాస్త దేశభక్తి కలపండి చాలు. ఇప్పుడు బంకులో దొరికే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్. దాంట్లో కొంత బియ్యం నుంచి, నూకల నుంచి తయారయ్యేదే. మిల్లులకు పేరుపడ్డ మిర్యాలగూడవాళ్లకి ఇంతకంటే గర్వం ఏముంటుంది? లీటరు ఇథనాల్లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువన్న సంగతి మాత్రం మిల్లు దగ్గర ఎత్తకండి. పాత డీజిల్‌కి ఈ గొడవ లేదు. దానికి నూకలు అక్కర్లేదు, నూకలు చెల్లనూ లేదు.

అయిదో మెట్టు: టెస్ట్ డ్రైవ్ 65వ నంబరు హైవే మీద చేయండి

హైదరాబాద్–విజయవాడ హైవే ఎక్కి, సూర్యాపేట బైపాస్ మీద ఒకసారి గట్టిగా తొక్కండి. కొత్త టర్బో వందకి చేరడానికి కంపెనీ చెప్పే లెక్క 8.1 సెకన్లు. వీపు సీటుకి అతుక్కుంటుంది, ముఖం మీద నవ్వు పూస్తుంది. ఆ నవ్వు ఫోన్ మోగేదాకా ఉంటుంది. వేగం దాటినందుకు వచ్చే ఈ-చలానాకు వెయ్యి రూపాయలు జరిమానా, పైన 35 రూపాయలు యూజర్ ఛార్జీ. పాత వెర్నా కూడా ఇదే చలానా అంతే తేలిగ్గా తెచ్చిపెట్టగలదు. కాకపోతే వేగం పెరిగాక దాని వెనక భాగం తేలుతూ ఊగుతుంది, స్టీరింగ్ మరీ తేలికైపోతుంది. అప్పట్లోనే దానికా పేరుంది. పద్నాలుగేళ్ల షాకబ్జర్లు ఆ పేరును నిలబెడతాయి.

ఒకవేళ నిజం తెలుసుకోవాలన్న దురాశ ఉంటే కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ వెళ్లే 167వ నంబరు రహదారి పట్టండి, అదీ కోతల కాలంలో. ఒక పక్క రోడ్డు మీద వడ్లు ఆరబోసి, బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పెట్టి ఉంటాయి. మీ ముందు వడ్ల బస్తాలతో ఓ లారీ యాభైలో పోతుంటుంది. ఎదురుగా ఏదో వస్తోంది, అది ఆర్టీసీ బస్సో, తోక లైటు లేని ట్రాక్టరును దాటుతున్న మరో లారీయో తెలియదు.

ఇక్కడ ఒక లెక్క చేద్దాం. లారీని దాటడానికి ఆరు సెకన్లు పడితే, ఆ ఆరు సెకన్లలో మీరు 120 మీటర్లకు పైగా పోతారు, ఎనభైలో ఎదురొచ్చేవాడు 130 మీటర్లకు పైగా మీ వైపు వస్తాడు. అంటే దాదాపు 260 మీటర్లు ఖాళీ రోడ్డు కనపడాలి. బలమున్న బండి ఒక సెకను మిగిల్చితే ముప్పై అయిదు మీటర్లు కలిసొస్తాయి. మూడు లారీల పొడవు. 160 పీఎస్‌కైనా, 128 పీఎస్‌కైనా ఈ మూడు ఊళ్ల మధ్య నిజంగా పని పడేది ఆ చోటే. మిగతా దారంతా ఆ గుర్రాలు మేస్తూ వస్తాయి.

ఆరో మెట్టు: ఫీచర్లు లెక్కపెట్టండి, బ్రేకులు మరిచిపోండి

కొత్తదాంట్లో సన్‌రూఫ్ ఉంది. మే నెల సూర్యాపేట ఎండలో దాన్ని ఎందుకు తెరవాలో ఎవరూ చెప్పలేకపోయినా, ఉంది. పై వేరియంట్లలో కెమెరా, రాడార్ చూసి తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు ఉంది. గీతలు చెరిగిన రోడ్డు మీద గీతల మధ్య ఉండమని మీకు చెబుతుంది, అడ్డమొచ్చిన గేదెను చూసి మీకంటే ముందే ఉలిక్కిపడుతుంది. కాలనీలో వీటి గురించి చెప్పుకోవచ్చు.

ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లకీ ఉన్నాయనీ, 2023 అక్టోబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు వచ్చాయనీ చెప్పుకోకండి. వినేవాడికి ఆవలింత వస్తుంది. పాతది కొనేటప్పుడు ఆ వేరియంట్‌కి ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయా అని కూడా అడగకండి. మ్యూజిక్ సిస్టమ్ కొత్తదా అని అడగండి, మధ్యవర్తి సంతోషిస్తాడు. టైరు పక్కగోడ మీద తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు ఉంటాయి. వాటిని చదవడానికి మోకాళ్ల మీద వంగాలి. పరువున్నవాళ్లు వంగరు.

ఏడో మెట్టు: తీర్పు

పై ఆరు మెట్లూ ఎక్కాక కూడా మీకు ఏమీ తేలకపోతే, మీరు వాటిని తప్పుగా పాటించారన్నమాట, అంటే కళ్లు తెరిచారన్నమాట. అలాంటివాళ్ల కోసం రెండు ముక్కలు.

నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరుగుతూ, ఆ బండి గుట్టు తెలిసిన మెకానిక్ చేతికందే దూరంలో ఉంటే పాత డీజిలే మంచిది. అయితే కొన్న వారంలోనే స్టిక్కర్లకి కాకుండా టైర్లకి, బ్రేకులకి, షాకబ్జర్లకి డబ్బు పెట్టండి. పాత ఇంజిన్‌కి లాగే సత్తా ఇంకా ఉంటుంది, ఆపే సత్తాయే ముందు పోతుంది. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తరచూ 167 మీద వెళ్లేవారైతే, అప్పు మోయగలిగితే, కొత్తది తీసుకోండి. ఆ 160 పీఎస్ కోసం కాదు, ఆరు ఎయిర్‌బ్యాగుల కోసం.

రెండిట్లో ఏదైనా సరే, లారీ వెనక ఉన్నప్పుడు ఇంకో లెక్క గుర్తుంచుకోండి. పది కిలోమీటర్లు యాభైలో పోతే పన్నెండు నిమిషాలు, డెబ్బైలో పోతే ఎనిమిదిన్నర. మీరు గెలిచేది మూడున్నర నిమిషాలు. అంత తొందరగా మిర్యాలగూడ చేరి ఏం చేస్తారు? మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్ల వరుస రోడ్డు దాకా వచ్చుంటే, దాని వెనకే ఆగుతారు.