నా ఒంట్లో తెలుగు

నేను తిరుత్తణిలోని ఒక తెలుగు సంఘం వెబ్‌సైటుని. సంఘం పేరు చెప్పను. చెబితే కార్యవర్గం నొచ్చుకుంటుంది. వాళ్లు నొచ్చుకుంటే ముందు ఆగేది నా రెన్యువలే.

మా ఊరి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1960 మార్చి ఆఖరు దాకా చిత్తూరు జిల్లా. సరిహద్దు తగువుకు మధ్యవర్తిగా కూర్చున్న పటాస్కర్ సిఫార్సుల మీద పార్లమెంటు 1959లో చట్టం చేసింది, ఏప్రిల్ 1 నుంచి మేము మద్రాసు రాష్ట్రమయ్యాం. కొండా కదల్లేదు, కొండ మీది సుబ్రహ్మణ్యస్వామీ కదల్లేదు. కదిలింది సరిహద్దు ఒక్కటే. 1997లో చెంగల్పట్టు జిల్లా నుంచి విడిపోయి తిరువళ్లూరు జిల్లా ఏర్పడింది. నేను పుట్టింది 2008లో. అయినా నా అడుగున చాలాకాలం 'చెంగల్పట్టు జిల్లా' అనే ఉండేది. సంఘం పాత లెటర్‌ప్యాడు చూసి దించారు మరి. ఈ ఊళ్లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పటం ఒక మూలన చిన్నగా, అధ్యక్షులవారి పటం మధ్యలో పెద్దగా ఉండేవి.

నా తయారీ గురించి చెప్పుకునేంత లేదు. కోశాధికారి మేనల్లుడు కంప్యూటర్ కోర్సు పూర్తిచేశాడు, చేతికి పని కావాలి. అంతే. తెలుగు టైపు చేసింది మాత్రం బస్టాండు దగ్గర పెళ్లి శుభలేఖలు వేసే డీటీపీ షాపులో. నా బతుకు పాడైంది అక్కడే.

ఆ రోజుల్లో డీటీపీ ఫాంట్లంటే ముసుగులు. మీకు తెరమీద 'క' కనబడుతుంటే నా లోపల ఏ ఇంగ్లీషు అక్షరమో, ఏ విరామచిహ్నమో ఉండేది. ఫాంటు దానికి తెలుగు ముసుగు వేసేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో నన్ను తెరిస్తే పిచ్చిగీతలు. అందుకని నా నెత్తిమీద 'ముందు ఫాంటు దించుకోండి' అని ఒక బోర్డు వేలాడదీశారు. గూగుల్లో తెలుగులో వెతికేవాళ్లకు నేను దొరికేదాన్నే కాదు. వాళ్లు వెతికే అక్షరాలు నా ఒంట్లో ఉంటేగా! తెలుగు కోసం పుట్టిన సంఘానికి నేను సైటుని, నాలో ఒక్క తెలుగక్షరం లేదు. గత్యంతరం లేక అలా చేశారా అంటే అదీ కాదు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతోపాటే గౌతమి ఫాంటు వచ్చింది. అడిగినవాడు లేడు, చెప్పినవాడూ లేడు.

తర్వాత నాకు జరిగిన సేవలు చెబుతాను, వినండి. పైన ఎర్రక్షరాల వరుస ఒకటి కుడి నుంచి ఎడమకు పరుగెత్తుతూ ఉండేది, 'ఉగాది శుభాకాంక్షలు' అని. ఆ ఉగాది ఏ ఏటిదో ఎవరికీ గుర్తులేదు. నన్ను తెరవగానే ఫ్లాష్‌లో చేసిన దీపం వెలిగేది. 2020 ఆఖరుతో ఫ్లాష్‌కే నూకలు చెల్లాయి. దీపం పోయి ఆ చోట బూడిదరంగు పెట్టె మిగిలితే దాన్నీ తీసే దిక్కులేదు. కింద ఒక లెక్కలబొమ్మ, 'మీరు ఇన్నో సందర్శకులు' అంటూ. ఆ సందర్శకుల్లో అధికభాగం అధ్యక్షులవారే. పొద్దున కాఫీతో ఒకసారి, రాత్రి పడుకోబోతూ ఒకసారి.

వీటన్నిటికన్నా నన్ను బాధపెట్టిన పేజీ ఇంకొకటుంది. దాని పేరు 'తెలుగు బడుల వివరాలు'. లోపల ఒకే మాట: 'త్వరలో'.

తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. 2016కి అది పదో తరగతి పరీక్షలను చేరింది. అల్పసంఖ్యాక భాషలవాళ్లు మద్రాసు హైకోర్టుకు వెళితే ఆ ఏటికి మాతృభాషలో రాసుకునే వెసులుబాటు దొరికింది. ఆ రోజుల్లో పళ్లిపట్టు నుంచి, ఊత్తుకోట నుంచి అమ్మానాన్నలు ఫోన్లలో నా దగ్గరికి వచ్చారు. అర్జీ ఎలా రాయాలి, ఏ బడిలో తెలుగు అయ్యవారు ఉన్నారు, పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి అని వెతుక్కుంటూ వచ్చారు. నేనేం చూపించాను? తిరిగే ఫోటోల్లో శాలువా కప్పించుకుంటున్న అధ్యక్షులవారిని. కప్పుతున్న కార్యదర్శిని. ఇంకో ఏడు ఇంకో శాలువాని. మనిషినైతే సిగ్గుతో తలవంచుకునేదాన్ని. సైటుని కదా, 'త్వరలో' అనే అన్నాను, అదీ పిచ్చిగీతల్లో.

ఇక రెన్యువలు. గడువు తీరుతోందన్న ఉత్తరాలన్నీ మేనల్లుడి పాత మెయిలుకు వెళుతున్నాయి. అతను బెంగుళూరులో ఉద్యోగంలో చేరి ఆ మెయిలే మరిచిపోయాడు. ఒకనాటి ఉదయం నా పేరు కొడితే ఏవో అప్పులు, లాటరీల ప్రకటనలు వచ్చాయి. ఇంట్లో మనిషి ఉండగానే గుమ్మానికి టులెట్ బోర్డు కట్టినట్టయింది నా పని. సంగతి సంఘంలో చర్చకు వచ్చింది. "ఆ డబ్బుతో ఉగాదికి రెండు శాలువాలు వస్తాయి కదా" అన్నారు కోశాధికారి.

నన్ను పట్టించుకున్నది ఒక పళ్లిపట్టు అమ్మాయి. చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమెకు తోడు తిరువళ్లూరు కాలేజీ కుర్రాడు ఒకడు, రిటైరైన తెలుగు అయ్యవారు ఒకరు. శనివారాల్లో లోకల్ రైలెక్కి తిరువళ్లూరులో అయ్యవారి ఇంటికి చేరేవాళ్లు. ముగ్గురూ చందాలేసుకున్న సొమ్ములో పెద్ద ముక్కను నా పేరు విడిపించే అపరాధ రుసుమే మింగేసింది. మిగిలింది హోస్టింగుకు బొటాబొటి. అదృష్టం ఏమంటే తక్కినవన్నీ ఉచితం. వర్డ్‌ప్రెస్ ఉచితం. సిలికానాంధ్ర వాళ్లు అందరికీ వదిలిన 'మండలి' ఫాంటు ఉచితం. బ్రౌజరు నా పేరు పక్కన 'సురక్షితం కాదు' అని రాయకుండా ఉండాలంటే కావలసిన సర్టిఫికెట్టును లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు 2015 నుంచి ఊరికే ఇస్తున్నారు.

నా పాత రాతల్ని కన్వర్టరులో వేసి అసలు అక్షరాలుగా మార్చారు. వత్తులు గుంపు తప్పిన మేకల్లా పక్క అక్షరాల కిందికి చేరాయి. అయ్యవారు అచ్చుకాగితాల మీద ఎర్రసిరాతో దిద్దారు. "మిషనుదీ మన పిల్లోళ్ల తప్పేనమ్మా, వత్తు కాడే తడబడతా ఉండాది" అని నవ్వారు.

అమావాస్యనాడు తిరువళ్లూరు వీరరాఘవస్వామి గుడికి చుట్టుపక్కల జిల్లాల తెలుగువాళ్లు విరగబడి వస్తారు. కుర్రాడు గుడి బయట ఒక తల్లికి ఫోనిచ్చి, "అక్కా, దీంట్లో తెలుగు బడి ఏడుందో కనుక్కో" అన్నాడు. ఆమె ఎంతసేపు చూసినా ఏదీ నొక్కలేదు. చివరికి అసలు సంగతి చెప్పింది. ఇంట్లో మాట తెలుగేగాని, చదువుకున్నది తమిళం. తెలుగు అక్షరాలు ఆమెకు రావు.

బడుల పేజీని తమిళ అక్షరాల్లోనూ పెడదామన్న మాట వచ్చింది. ఆ శనివారం పెద్ద రభస. తెలుగు సంఘం సైటులో తమిళమా అని కార్యదర్శి ఫోనులోనే గర్జించారు. నిజం చెప్పాలంటే నాక్కూడా రోషం వచ్చింది. ఇన్నేళ్లకు ఒంట్లోకి తెలుగు వచ్చిందే, వెంటనే పంచుకోవాలా? మా పక్షాన గట్టిగా మాట్లాడతారనుకున్న అయ్యవారే ఎదురు తిరిగారు. "చదవను రానోళ్లకేగదయ్యా బడి కావల్సింది. దోవ వాళ్లకు తెలిసిన అక్షరాల్లోనే రాయండి" అన్నారు. బడుల పేజీ ఇప్పుడు రెండు లిపుల్లో ఉంది. మెనూలో దాని పేరు కూడా మారింది: 'పిల్లల్ని తెలుగు బడిలో చేర్చాలంటే'. జాబితా ఇంకా సగమే. హెడ్మాస్టర్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, అయ్యవారి పోస్టు నిండి ఉందో లేదో కనుక్కున్నాకే ఎక్కిస్తున్నారు.

గడువు ఉత్తరాలు ఇప్పుడు సంఘం మెయిలుకే వస్తాయి. తాళాలు ఇద్దరి దగ్గరున్నాయి. అధ్యక్షులవారు ఒకసారి ఫోన్ చేశారు: "ఏమ్మా, నా ఫోటో తిరగతా ఉండేది కదా, ఏడబోయింది?"

"తిరిగే ఫోటోలు పల్లెల్లో ఫోన్లకు బరువు సార్. కార్యవర్గం పేజీలో చిన్నది పెట్టినాం" అందా అమ్మాయి.

ఆయన ఇంకేమీ అనలేదు. రోజూ పొద్దున కాఫీ వేళకు నేరుగా ఆ పేజీకి వస్తారు. లెక్కలబొమ్మ తీసేశారు కాబట్టి ఆ సంగతి ప్రస్తుతానికి నాకొక్కదానికే తెలుసు.