విని కొనువాని పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ. పాట దించి వినెద, బాగుంటె కొనియెద
ననుచు దించె మొదట నాల్గు వంద
లందుఁ గొన్న వెన్ని? లాప్‌టాపు నడుగుము
సున్న చుట్టి చూపు సూటిగాను

అవతారిక: పైరసీ చేయువాడు వేరు, పరీక్ష చేయువాడు వేరు అని వాదించే ఒకానొక సంగీతప్రియుని గూర్చి కవి ఇట్లు చెప్పుచున్నాడు.

ప్రతిపదార్థం: పాటన్ = పైరసీ సైటులో పెట్టిన పాటను; దించి = జిప్ ఫైలుగా, 128 కాదు, 320 కేబీపీఎస్‌లోనే డౌన్‌లోడ్ చేసి (దొంగసొత్తుకైనా నాణ్యత ముఖ్యం గనుక); వినెదన్ = పరీక్షించెదను; బాగుంటెన్ = నచ్చినచో; కొనియెదన్ = డబ్బిచ్చి కొందును (ఎప్పుడో చెప్పలేదు); అనుచున్ = అని తనకు తానే మాట ఇచ్చుకొనుచు; మొదటన్ = ఆరంభ పరీక్షగా; నాల్గువందలందున్ = దించిన నాలుగు వందల పాటలలో; కొన్నవి ఎన్ని = డబ్బిచ్చినవి ఎన్నో; లాప్‌టాపున్ = ఏకైక సాక్షిని; అడుగుము = విచారించుము; సున్న చుట్టి = ఏమీ లేదని; సూటిగాను = మొగమాటం లేక; చూపున్ = చూపించును.

తాత్పర్యం: కొనడానికని విన్నాడు. వినడంతోనే సరిపెట్టాడు.

పూర్వపక్షం: ‘ఒక్క పాట కోసం క్యాసెట్టంతా కొని మోసపోయిన తరం మాది. 2003లో ఐట్యూన్స్ స్టోరు తెరిచి పాటకు 99 సెంట్లన్నారు, ముందుగా వినడానికి 30 సెకన్లు ఇచ్చారు. పల్లవి అందుకునేలోపే ఆగిపోతే చరణం సంగతి ఎట్లా తెలుస్తుంది? అందుకే మొత్తం దించుకున్నాం.’

సిద్ధాంతం: వినకుండా కొనమని ఎవరూ అనలేదు. క్యాసెట్ల కొట్లో అడిగితే కొట్టువాడే టేపు పెట్టి వినిపించేవాడు. 2007లో రేడియోహెడ్ బృందం తన ‘ఇన్ రెయిన్‌బోస్’ ఆల్బమ్‌ను ఇష్టమైనంత ఇచ్చి దించుకోమంది. అక్కడ సున్నా కట్టినవాడూ దొంగ కాడు, తలుపు తీసినవాళ్లు సొంతదారులే. మన ఆడియో కంపెనీలు సైతం ఇప్పుడు లిరికల్ వీడియో అంటూ పాటంతా యూట్యూబులో పెడుతున్నాయి. కనుక 30 సెకన్ల మొర నేడు చెల్లదు.

పరీక్ష అంటే ఫలితం ఉండాలి. నచ్చినవి కొనాలి, నచ్చనివి చెరిపెయ్యాలి. మనవాడు నచ్చినవి కొనలేదు, నచ్చనివి చెరపలేదు. రెండూ ఒకే ఫోల్డరులో ఉన్నాయి. ఉచితంగా దించడం మొదటి దోషం, దానికి పరీక్ష అని పేరు పెట్టడం రెండోది. మొదటిదానికి జేబు ఖాళీ అనే సాకైనా ఉంది.

శంక: కొంటానన్నవాడికి గడువెంత?
సమాధానం: 1957 నాటి కాపీరైటు చట్టంలో ‘ముందు విని తర్వాత కొనేవారి’ కోసం ప్రత్యేకంగా సెక్షనేమీ లేదు. అయితే సౌండ్ రికార్డింగుపై హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లే. మనవాడు ‘తర్వాత, తర్వాత’ అంటూ అంతకాలం ఓపిక పడితే ఆ హక్కు దానంతటదే తీరిపోతుంది. బహుశా అందుకే కాచుకున్నాడు.

విశేషం: ఆ ఫైళ్లలో ఒకదాని వివరాలు తెరవండి. ఆల్బమ్ అన్నచోట సైటు పేరు, గాయకుడన్నచోట సైటు పేరు, బొమ్మ మీద సైటు ముద్ర. రాసినవాడూ, కట్టినవాడూ, పాడినవాడూ ఎగిరిపోగా ఎత్తుకొచ్చినవాడే వాగ్గేయకారుడైనాడు. కొనదలచినా ఎవరి పాట కొనాలో తెలియకుండా చేసిన ఈ ఏర్పాటు శ్రోతకు ఎంతో అనుకూలం.

ఫలశ్రుతి: దీన్ని నిత్యం పఠించినవారు పాటలు కొంటారని హామీ లేదు. కొంటామని చెప్పడం మానేస్తే అదే పదివేలు.