అరణ్యమునకు సెట్‌బ్యాక్

ఈసీఐఎల్ సంస్థాపకులైన అయ్యగారి సాంబశివరావుగారి నామధేయమును వహించిన మా ఏఎస్ రావు నగరమున, విశ్రాంత జీవనము గడపు పెద్దలకు కరతలామలకమైన శాస్త్రమొకటి కలదు. అది సెట్‌బ్యాక్ శాస్త్రము. తూర్పు ముఖపు ప్లాటునందు ముందెన్ని అడుగులు విడువవలెను, విడువవలసిన చోట మెట్లు కట్టి, మెట్ల క్రింద మోటారు గది కట్టి, పిదప క్రమబద్ధీకరణ పథకము వెలువడు శుభదినమునకై ఎట్లు నిరీక్షింపవలెను అను విషయములందు మావారి పాండిత్యము అన్యులకు దుర్లభము. ఈ విద్య మా కాలనీ ఎల్లలు దాటి అరణ్యములను గూడ పావనము చేసినదని తెలిసి మేము పొంగిపోతిమి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము జాతీయోద్యానమున పశువులను మేపరాదన్నది. అటుపై ఏలినవారు గోడ వెలుపల గూడ కొంత మేర నెమ్మది పాటింపవలెనని ‘పర్యావరణ సున్నిత మండలము’ అను సెట్‌బ్యాక్ విధించిరి. సుమారు 390 ఎకరముల విస్తీర్ణముతో 1998లో జూబిలీ హిల్స్ నందు ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానమునకు 2020లో ప్రాప్తించిన మండలము, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు, తక్కువలో తక్కువ 3 మీటర్లు. మూడు మీటర్లలో మా సెల్లారునందలి చిన్న కారైనను ఇమడదు, తోక బయటనే యుండును. గోడమీది నెమలి ఇటు తిరిగి పురి విప్పినచో అతిక్రమణ నోటీసు అందుకొనవలసినదే. 2022 జూనులో సర్వోన్నత న్యాయస్థానము ఇట్టి మండలము కనీసము ఒక కిలోమీటరుండవలెనని సెలవీయగా స్థలములు గలవారికి గుండెదడ పుట్టినది. మరుసటి ఏప్రిలులో ఆ నియమము సడలుటతో ఊపిరి పీల్చుకొనిరి. పీల్చిన ఊపిరి ఏ చెట్టు విడిచినదో విచారించుటకు వారికి తీరిక లేదు, ఏలనన ఆ జూబిలీ హిల్స్ ఉద్యానము చుట్టునుగల ఆరు కూడళ్ళలో వంతెనలు ఎట్లు కట్టవలెనను చర్చ 2016 నాటికే రాజుకొని యుండెను.

మాకు దాపున నున్నది వనస్థలిపురపు మహావీర్ హరిణ వనస్థలి. నిజాము ప్రభువులు వేటాడిన భూమికి, వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణోత్సవమును పురస్కరించుకొని 1975లో ఆ అహింసామూర్తి పేరిడిరి. 1994లో జాతీయోద్యాన హోదా నిచ్చిరి. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పరువెత్తగల కృష్ణజింకలకు అది నివాసము. (ఉప్పల్–నారపల్లి ఆకాశమార్గపు స్తంభముల నీడలో ఏండ్ల తరబడి ఇంధనము కాల్చిన మావంటివారికి ఆ వేగము పురాణ కథవలె తోచును.) 2014లో రాష్ట్రము రెండయినప్పుడు తెలంగాణము చుక్కల జింకను రాష్ట్ర జంతువుగా వరించినది, కృష్ణజింక ఆంధ్రకు దక్కినది. తరతరములుగా ఇచ్చటనే పుట్టి పెరిగిన ఆ మృగము ఒక్క ప్రకటనతో పొరుగు రాష్ట్రపు అధికార జంతువై కూర్చున్నది! స్థానికత నిరూపించుకొనుటకు దానికి రేషను కార్డైన లేదు.

అంతకుమించిన చిక్కు మరియొకటి. బయలు గడ్డినేలల ప్రాణికి నలుదెసల నగరమే గోడయైనది. ఇటు ఆటోనగరు, అటు విజయవాడ రహదారి. క్రొత్త రక్తము వచ్చు దారిలేక తరతరములు మందలోనే సంబంధములు కలుపుకొన్నచో సంతతి క్షీణించునని జీవశాస్త్రజ్ఞుల భయము. మేనరికముల మంచిచెడ్డలు తెలిసిన మా వీథి పెద్ద యొకరు ఇది విని, “చిలుకూరు మృగవని నుండి పిల్లను తేరాదటయ్యా?” అని సులభోపాయము చెప్పిరి. ఆ ఉద్యానమున వాసికెక్కినవి చుక్కల జింకలు. జాతి వేరు, పైగా ఇప్పుడవి అధికార హోదా గలవి, ఈ వియ్యమునకు సమ్మతింపవు. నంద్యాల జిల్లా రోళ్ళపాడునందు కృష్ణజింకలు మెండుగా కలవు, కులగోత్రములును సరిపోవును. కాని అది అంతర్రాష్ట్ర వ్యవహారము, ఉమ్మడి ఆస్తుల పంపకపు దస్త్రములు తేలిన పిదపగాని లగ్నము కుదురదు.